నాలుగో విస్తరి

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఈ మాట మా అత్తగారి ముందు అంటే "తగిలినప్పుడు తెలుస్తుందిలే" అంటారు. నా పెళ్ళయిన కొత్తలో తెనాలిలో వాళ్ళింటి పెరట్లో ఏదో తెల్లగా కదులుతోందని ఇల్లంతా బిక్కచచ్చి కూర్చుంటే, వెళ్ళి ఆరేసిన పంచెను తెచ్చి ఆవిడ చేతికిచ్చాను. అందుకు ఆవిడ నన్ను ఇప్పటికీ క్షమించలేదు.

పైగా నేను ఫిజిక్సు టీచర్ని. చెప్పేది తొమ్మిదో తరగతికే అయినా, ఏది జరిగినా దానికో కారణం ఉంటుందని ఏళ్ళ తరబడి పిల్లల నెత్తిన రుద్దుతూ వచ్చాను. ఇప్పుడు కారణం తెలియని సంగతి ఒకటి రాయబోతున్నాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. వేరేవాళ్ళు రాస్తే నేనూ నవ్వేదాన్నే.

ఊరి పేరు రాయను. శంషాబాద్ నుంచి పాల్మాకుల మీదుగా వెళ్తే తగిలే ఊళ్ళలో ఒకటి అనుకోండి. మనుషుల పేర్లు మార్చాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

మా ఆయనకు ఎయిర్‌పోర్టు కార్గోలో ఉద్యోగం. నాకు శంషాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో. ఇద్దరికీ దగ్గరవుతుందని ఆ ఊళ్ళో ఒక ఇంటి పై వాటా కిరాయికి తీసుకున్నాం. కింద ఓనర్లు ఉండేవారు. ఓనరు యాదగిరి, ఆయన భార్య అనసూయ. కొడుకు వరంగల్‌లో హాస్టల్లో చదువుతున్నాడు. వాళ్ళ గోడకు ఆనుకుని ఉన్న రెండు గదుల్లో యాదగిరి తమ్ముడి భార్య సుజాత ఒక్కతే ఉండేది. ఆ తమ్ముడి పేరు నర్సింలు. అతన్ని నేనెప్పుడూ చూడలేదు. మేం ఆ ఇంట్లో దిగేసరికే అతను కనిపించకుండా పోయి ఏడాది కావస్తోంది.

ఆ ఊరి అలవాటు ఒకటి ముందే చెప్పాలి. విమానాలు ఇంటి కప్పులు తాకుతాయా అన్నంత కిందుగా పోతాయి. కొత్తలో మేం ఆ చప్పుడు మీద గొంతు చించుకుని అరిచేవాళ్ళం. ఊరివాళ్ళు అరవరు. మాట మధ్యలో ఆపేస్తారు. బేరమాడుతున్నా, కొట్లాడుకుంటున్నా, చెయ్యి గాల్లో అలాగే ఉంచి నోరు మూసుకుంటారు. విమానం పోగానే ఆగిన చోటినుంచి అందుకుంటారు. మొదట్లో నాకు భలే నవ్వొచ్చేది. కొన్నాళ్ళకు మేమూ అంతే అయిపోయాం. మా ఆయన తెనాలి వెళ్ళినప్పుడు కూడా లారీ పోతే మాట ఆపేసేవాడు.

యాదగిరి మంచి ఓనరు. ఇది వెటకారంగా అనడం లేదు. నీళ్ళ మోటారు పాడైతే తానే దిగి బాగుచేయించేవాడు. మా అత్తగారికి ఒంట్లో బాగాలేనప్పుడు కారులో దవాఖానకు తీసుకెళ్ళాడు. ఆయనకు ఉన్నదల్లా ఒకటే పిచ్చి, సర్పంచ్ కావడం. పడుచు వయసు నుంచీ పార్టీ జెండాలు మోశాడు, మీటింగులకు జనాన్ని తోలాడు, ఎవరెవరి పెళ్ళిళ్ళకో రాత్రింబగళ్ళు వడ్డించాడు. ప్రతిసారీ సీటు ఇంకో వర్గానికి రిజర్వు అయ్యేది. ఈసారి మాత్రం వాళ్ళ వర్గానికే వస్తుందని ఊరంతా అనుకున్నారు. ఇప్పుడు తప్పితే మళ్ళీ ఎన్నేళ్ళకో, అప్పటికి తాను ముసలివాడైపోతానని ఆయన నాతోనే అన్నాడు.

ఆయన ఏం చేసినా ఫోన్లో లైవ్ పెట్టేవాడు. వీధి దీపం వేయించినా లైవే, కుక్కలకు సూదులు వేయించినా లైవే. తమ పొలంలో పాడుబడ్డ బావి ఉంటే, పిల్లలు పడిపోతారని రోడ్డు పనుల మట్టి తోలించి పూడ్పించాడట. మేం రాకముందు సంగతి అది. ఆ వీడియో కూడా నాకు చూపించాడు. "చేసింది చెప్పుకోకుంటే చెయ్యనట్టే టీచరమ్మా" అనేవాడు. రాజకీయాల్లో అది నిజమే కదా అనుకున్నాను.

నర్సింలు సంగతి నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. అన్నలా కాదు, అతను పదవి కోసం ఏమీ చేసేవాడు కాదట. ఎవరింట్లో ఆపద వచ్చినా ముందు అక్కడ ఉండేవాడట, అంతే. ఊరి పెద్దలు కూర్చుని, పోటీ లేకుండా ఒక్కరినే నిలబెడదాం అనుకున్నప్పుడు అందరి నోటా నర్సింలు పేరే వచ్చింది. ఆ సమావేశానికి కుర్చీలు వేయించింది యాదగిరే. ఆయన కాదనలేదు. "నా తమ్ముడైతే నేనైనట్టే" అని తమ్ముడి మెడలో దండ కూడా వేశాడు. ఆ తర్వాత పట్టుమని పది రోజులు గడవకముందే నర్సింలు కనిపించకుండా పోయాడు.

అన్నాదమ్ములు మాటా మాటా అనుకున్నారని, నర్సింలు అలిగి బొంబాయి వైపు పోయాడని యాదగిరి చెప్పాడు. ఠాణాలో కంప్లైంటు ఇచ్చింది ఆయనే. బొంబాయి పక్క భివండీలో నర్సింలును చూశానన్న మనిషిని ఇంటికి తీసుకొచ్చి సుజాత ఎదుట చెప్పించింది కూడా ఆయనే. ఇక ఎన్నికలంటారా, ఇదిగో అదిగో అంటూ వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. తమ్ముడు లేడు కాబట్టి పెద్దలు అన్న పేరే ఖాయం చేసుకుని కూర్చున్నారు.

సుజాత కాటేదాన్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి వెళ్ళేది. పొద్దున నాతోపాటే బస్సెక్కేది. మెడలో పుస్తెలు, కాళ్ళకు మెట్టెలు, నుదుట కాసంత బొట్టు. ఊళ్ళో కొందరు ఆడవాళ్ళకు అదే కంటగింపు. ఉన్నాడో లేడో తెలియని మనిషికి ఇంత బొట్టా అనేవాళ్ళు. దగ్గర్లోని కందుకూరు నుంచి ఆమె అన్న నెలకోసారి వచ్చి, సామాను సర్దుకో, ఇంటికి పోదాం పద అని పోరేవాడు. ఆమె కదిలేది కాదు. బస్సులో ఒకసారి నేనే అన్నాను, వెళ్ళరాదా, ఎన్నాళ్ళిలా అని.

"ఆయన వస్తె తలుపు తీసెటోళ్ళు ఉండాలె గద మేడం. రాడు అని ఒక్కలన్నా చెప్పుండ్రి, ఇప్పుడే పోత. వస్తడా రాడా తెల్వకుండ ఎటు పోవాలె?"

ఆ జవాబుకు నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, అలిగిపోయి ఫోనైనా చేయని ఆ నర్సింలు మీద. బాధ్యత లేని మనిషి అనుకున్నాను. అతన్ని మనసులో చాలాసార్లు తిట్టాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

యాదగిరి మాత్రం మరదల్ని ఎంత బాగా చూసుకునేవాడో. చెట్టున సీతాఫలం పండితే మొదటి కాయ ఆమెకే. ఆమెకు జ్వరం వస్తే గోలీలు తానే తెచ్చేవాడు. ఆయనకు రక్తపోటు ఉంది, పొద్దున్నే వసారాలో కూర్చుని మాత్ర వేసుకునేటప్పుడు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేది సుజాతే. అలాంటి బావ ఉండటం అదృష్టమని నేను కూడా అన్నాను.

నిరుడు పెత్రమాస వచ్చింది. భాద్రపద అమావాస్య. మా వైపు తద్దినాలే తప్ప ఈ పద్ధతి నేను చూడలేదు. ఇక్కడ ఆ రోజు పొద్దున పెద్దలకు బియ్యం ఇస్తారు. మోదుగాకు విస్తర్లలో చనిపోయిన ఒక్కొక్కరి పేరు మీద బియ్యం, పప్పు, చింతపండు, గుమ్మడికాయ ముక్క, బీరకాయ, ఉప్పు, మిరపకాయలు పెడతారు. అయ్యగారు, అంటే పురోహితుడు, వచ్చి పేరు అడుగుతారు. ఇంటి పెద్ద పేరు చెప్పి, నువ్వులు కలిపిన నీళ్ళు బొటనవేలి పక్క నుంచి వదులుతాడు. అయ్యగారు ఆ బియ్యం మూట కట్టుకుని ఇంకో ఇంటికి పోతారు. ఆ సాయంత్రం నుంచే బతుకమ్మ మొదలు కాబట్టి ఊరంతా హడావిడిగా ఉంటుంది.

ఆ రోజు సెలవు. నేను మెట్ల మీద కూర్చుని బీన్స్ తుంచుకుంటున్నాను. యాదగిరి పట్టుపంచె కట్టుకుని వాకిట్లోకి వచ్చి నా చేతిలో ఫోన్ పెట్టాడు.

"టీచరమ్మా, జర పట్టుండ్రి. లైవ్ పెడుతున్న. పెద్దలను మరువని మనిషి అని నలుగురికి తెలవాలె గద."

అయ్యగారు శంషాబాద్ నుంచి బండి మీద వచ్చారు. ఆ పొద్దున ఆయన తిరగాల్సిన ఇళ్ళు చాలా ఉన్నాయి, మాటల్లో తొందర తెలుస్తోంది. ఎప్పుడూ వచ్చే పెద్దాయనకు ఒంట్లో బాగాలేక ఈయన్ని పంపారట. ఆ ఇంటి గడప తొక్కడం ఆయనకు అదే మొదలు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత నాకు నిద్ర లేకుండా చేసింది ఇదే.

అనసూయ విస్తర్లు వేసి అన్నింటిలో బియ్యం పోసింది. సుజాత కూరగాయలు అందిస్తోంది. నేను యాదగిరికి ఎదురుగా, చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. ఇంకెవరూ లేరు.

తండ్రి పేరు అడిగారు. బాలయ్య అన్నాడు, నీళ్ళు వదిలాడు. తాత పేరు మల్లయ్య. తల్లి లచ్చమ్మ. ఆ తర్వాత అయ్యగారు మిగిలిన విస్తరి వైపు చూశారు.

"ఈ నాలుగోది ఎవరి పేరు మీద?"

యాదగిరి తల తిప్పి భార్యను చూశాడు. తల్లీ తండ్రీ తాతా, ముగ్గురే. అనసూయ నాలుగు వేసింది. ఆమె ముఖం, తన చెయ్యి చేసిన పని అప్పుడే చూసుకున్నదానిలా ఉంది. చేతిలో బియ్యం చాట అలాగే ఉంది. సుజాత కూడా ఆ విస్తరి వైపే చూస్తోంది.

అంతలో విమానం వచ్చింది. ఎప్పటిలాగే అందరం నోళ్ళు మూసుకున్నాం. అయ్యగారికి కూడా అలవాటే కాబోలు, చెంబు మీద చెయ్యి పెట్టి పైకి చూస్తున్నారు. వాకిట్లో ఎండ మీద రెక్కల నీడ పోయింది.

ఆ చప్పుడులో యాదగిరి గొంతు విన్నాను. "నర్సింలు. నా తమ్ముడు."

గట్టిగా అరిచినట్టు కాదు. మామూలుగా, పక్కన కూర్చుని చెప్పినట్టు. ఆ మాట వినడానికి నేను చెవి రిక్కించాల్సిన అవసరం కూడా రాలేదు.

విమానం వెళ్ళిపోయింది. అయ్యగారు కళ్ళు దించి, ఏమీ తెలియని మనిషి ఎంత మామూలుగా అంటాడో అంత మామూలుగా, "తమ్ముడు నర్సింలు. ఊఁ, నీళ్ళు వదులు" అన్నారు.

యాదగిరి అయ్యగారి ముఖంలోకి చూశాడు. తమ్ముడు బతికి ఉన్న ఏ మనిషయినా ఆ క్షణాన ఏం చేస్తాడు? అయ్యగారి మీద విరుచుకుపడతాడు. విస్తరి కాలితో తన్నేస్తాడు. అంత అశుభం ఇంకోటి ఉందా? యాదగిరి అవేమీ చేయలేదు. చెయ్యి చాచాడు. అయ్యగారు చెంబు వంచారు. నువ్వులూ నీళ్ళూ నాలుగో విస్తరిలో పడ్డాయి.

"బావా." సుజాత గొంతు. ఎప్పుడూ బావ ముందు తలెత్తి మాట్లాడని మనిషి. "బతికున్నోనికి నీళ్ళు ఇడుస్తరా?"

"నేను అనలే" అన్నాడు యాదగిరి.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. నా తమ్ముడు బతికే ఉన్నాడు అనలేదు. నేను అనలేదు అన్నాడు.

"అన్నవా లేదా అని అడుగుతలేను. ఉన్నడా, లేడా? గదొక్కటి చెప్పు."

అనసూయ చేతిలో చాట జారి బియ్యం వాకిలంతా పడ్డాయి. అయ్యగారు సర్దుకుంటున్న మూట వదిలేసి మా అందరి ముఖాలూ చూస్తున్నారు. "మీరే కదండీ చెప్పిండ్రు" అని యాదగిరితో అన్నారు పాపం, రెండుసార్లు.

అనసూయ గోడకు ఒరిగి కూలబడింది. "ఇగ చెప్పు" అంది మొగుణ్ణి. "నాతోని ఇగ కాదు. రోజూ దాని మొకం చూసుడు నాతోని కాదు."

అప్పుడు చూసుకున్నాను, ఫోన్ ఇంకా నా చేతిలోనే ఉంది, లైవ్ నడుస్తూనే ఉంది. పక్కింటివాళ్ళు అప్పటికే గేటు దగ్గరికి వచ్చేశారు. ఎలా ఆపాలో నాకు తెలియక ఫోన్‌ను బోర్లా పెట్టేశాను.

సుజాత ఏడవలేదు. తన గదిలోకి వెళ్ళి అన్నకు ఫోన్ చేసింది. "అన్నా, రా. ఇగ పోదాం" అంది. ఆ మాటకు నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. రాడని ఒక్కరు చెబితే పోతానన్న మనిషి, చెప్పించుకుంది.

తర్వాతది పోలీసుల పని. యాదగిరి ఎక్కడికీ పారిపోలేదు. వాళ్ళు వచ్చేదాకా ఆ విస్తర్ల ముందే కూర్చున్నాడు. పొలంలో పూడ్చిన ఆ పాత బావిని తవ్వితే నర్సింలు దొరికాడు. పొలం దగ్గర ఇద్దరూ కల్లు తాగారట. ఈ ఒక్కసారికి నాకు వదిలెయ్యిరా, నా జన్మలో మళ్ళీ రాదు అని అన్న బతిమాలాడట. ఊరు అడిగింది నన్ను కదా అన్నా, నేనెట్ల ఇడుస్త అన్నాడట తమ్ముడు. అన్న చేతికి పార అందింది. ఎన్నాళ్ళు జెండాలు మోస్తావు, నీ తమ్ముని ముందు చేతులు కట్టుకుని నిలబడుడేనా అని అంతకుముందు రోజుల్లో తానే ఎగదోశానని అనసూయ చెప్పింది. ఆ సాయంత్రం చొక్కా ఉతికింది కూడా ఆమే. మా ఓనర్ల గురించి నేను ఇలా రాస్తానని ఎప్పుడూ అనుకోలేదు. వాళ్ళ చేతి బోనాల పరమాన్నం తిన్నాను నేను.

ఇక నా గొడవకు వస్తాను.

నాలుగో విస్తరి సంగతి నాకు అర్థమవుతుంది. రెండేళ్ళుగా ఒకే మనిషి గురించి మథనపడుతున్న ఆడమనిషి చెయ్యి, తన ప్రమేయం లేకుండా ఒక విస్తరి ఎక్కువ వేసింది. అందులో వింత లేదు. నీళ్ళు వదలడమూ అర్థమవుతుంది. అర్థం కానిది గొంతు.

ఆ వీడియో నేను ఎన్నోసార్లు చూశాను. అయ్యగారు నాలుగోది ఎవరిదని అడగటం వినిపిస్తుంది. తర్వాత విమానం చప్పుడు, అంతే. ఇంకేదీ వినిపించదు. యాదగిరి ముఖం తెర నిండా ఉంది. ఆయన పెదవులు కదలలేదు. గట్టిగా బిగబట్టుకుని ఉన్నాయి. చప్పుడు తగ్గాక అయ్యగారు పేరు పలకడం స్పష్టంగా ఉంది.

అందరం ఆ విస్తరినే చూస్తూ ఒకే పేరు అనుకున్నాం, అదే విన్నామని భ్రమపడ్డాం అని మొదట సర్దిచెప్పుకున్నాను. నాకూ సుజాతకూ అనసూయకూ అది సరిపోతుంది. మరి అయ్యగారు? ఆయనకు నర్సింలు అనే మనిషి ఉన్నట్టే తెలియదు. నేను శంషాబాద్ వెళ్ళి ఆయన్ను పట్టుకుని అడిగాను. "యజమాని చెప్పిండు, నేను పలికిన. ఇండ్ల మీరు పరేషాన్ అయ్యేది ఏమున్నదమ్మా?" అన్నారు. విమానం చప్పుడులో ఎలా వినిపించిందండీ అంటే మాత్రం, ఆ ప్రశ్న ఇంకెవరితోనూ అడగొద్దని చెప్పి లోపలికి వెళ్ళిపోయారు.

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఊరుకోలేదు. మా ఆయన్ని అదే చోట కూర్చోబెట్టి, చేతికి పేపర్ ఇచ్చి, విమానం వచ్చినప్పుడల్లా మామూలు గొంతుతో చదవమన్నాను. నేను అదే దూరంలో నిలబడ్డాను. ఒక్క ముక్క వినిపించలేదు. అరిచి చదవమన్నాను. అప్పుడు అరుపు వినిపించింది కానీ మాట తెలియలేదు. వీధిలోవాళ్ళు ఆగి చూస్తున్నారు, ఇక చాలించు తల్లీ అని మా ఆయన పేపర్ మడిచేశాడు.

ఇన్‌స్పెక్టర్ కూడా వీడియో చూశాడు. ఎవరు అన్నారు మేడం అని అడిగాడు. యాదగిరి గొంతే అన్నాను. తెర మీద యాదగిరి పెదవులు చూపించాడు. ఆయన తల గోక్కుని, శవం దొరికింది, ఇద్దరూ ఒప్పుకున్నారు, ఈ గొంతు సంగతి మనకెందుకు అన్నాడు. పోలీసులకు అవసరం లేదు సరే. నాకు కావాలి. చప్పుడు పుట్టడానికి ఏదో ఒకటి కదలాలని పిల్లలకు చెప్పేదాన్ని నేను. ఆ ఏడు ఆ పాఠం ఇంకో టీచర్‌కు అప్పగించాను.

ఆ ఇల్లు ఖాళీ చేశాం. భయపడి కాదు, మా అత్తగారు ఆ గడప తొక్కనని భీష్మించుకున్నారు. చలికాలంలో ఎన్నికలు జరిగాయి. నర్సింలు చదువుకునే రోజుల స్నేహితుడొకడు సర్పంచ్ అయ్యాడు.

మొన్నామధ్య శంషాబాద్ బస్టాండులో సుజాత కనిపించింది. కేసు పని మీద కోర్టుకు వెళ్ళి వస్తోంది. చిక్కింది. మెడ బోసిగా ఉంది. బొట్టు మాత్రం తీయలేదు, నా మొగుడు రాకముందు నుంచీ ఉన్నది అది అంది. ఇద్దరం టీ తాగాం. నా మనసులో నలుగుతున్నది ఆపుకోలేక, ఆ రోజు నీకూ వినిపించింది కదా అని అడిగాను.

వినిపించింది అంది. ఠాణాలో యాదగిరి ఏం చెప్పాడో కూడా చెప్పింది. ఆమె అక్కడే ఉందట. నేను నోటితో అనలేదు సార్, మనసులో అనుకున్న అన్నాడట. అంతకుముందటి పెత్రమాసకూ అలాగే అనుకున్నాడట. తండ్రికి నీళ్ళు వదిలేటప్పుడు కొన్ని చుక్కలు తమ్ముడికి అనుకుంటాడట. పొద్దున మాత్ర వేసుకునేటప్పుడు, అన్నం ముద్ద ఎత్తినప్పుడు, లైవ్‌లో నవ్వుతూ మాట్లాడుతున్నప్పుడు, రోజూ అదే మాట లోపల అనుకునేవాడట. నర్సింలు, నా తమ్ముడు అని. ఆ రోజూ అంతే అనుకున్నానని, అది బయటికి ఎలా వచ్చిందో తనకు తెలియదని ఏడ్చాడట.

టీ చల్లారిపోయింది. మనసులో అనుకున్నది మనందరికీ ఎలా వినిపించి ఉంటుంది సుజాతా అన్నాను. టీచర్‌నని మరిచిపోయి, ఆమె చెబుతుందేమో అన్నట్టు అడిగాను.

"మీకు గది వింత మేడం" అంది. కోపంగా కాదు, అలసిపోయిన గొంతుతో. "నేను గోడకవతలనే ఉన్న. రెండేండ్లు రోజూ లోపల అనుకున్నడట. పొద్దుగాల మాత్ర ఏసుకుంటుంటె నీళ్ళు ఇచ్చింది నేనే. గంత దగ్గర నిలవడ్డ. నాకు ఒక్కనాడన్న ఎందుకు వినవడలే?"

కందుకూరు బస్సు వచ్చింది, ఆమె ఎక్కింది. నేను నిలబడే ఉన్నాను.